ఎంత కదలాలి, ఎక్కడ ఆగాలి: వంశపారంపర్య నరాల, కండరాల జబ్బుల్లో వ్యాయామం

వంశపారంపర్యంగా వచ్చే నరాల, కండరాల జబ్బులు వందల రకాలు. బయటికి మాత్రం చాలావరకు ఒకేలా కనిపిస్తాయి: కాలు ఈడ్చడం, నడుస్తుంటే చెప్పు జారిపోవడం, మెట్లెక్కలేకపోవడం, నేల మీద కూర్చుంటే లేవడానికి చేతులు ఆనించాల్సి రావడం. వ్యాయామం విషయానికి వచ్చేసరికి ఈ పైపోలిక పనికిరాదు. లోపం నరంలో ఉందా, కండరంలో ఉందా, కండరానికి శక్తి అందే దారిలో ఉందా అన్నదాన్ని బట్టి ఒకరికి మేలు చేసే పనే ఇంకొకరికి కీడు చేస్తుంది.

నరాల వైపు నుంచి వచ్చేవాటిలో ఎక్కువమందిలో కనిపించేది షార్కో-మేరీ-టూత్ వ్యాధి. డాక్టర్లు క్లుప్తంగా సీఎంటీ అంటారు. 1886లో పారిస్‌లో షార్కో, పియేర్ మేరీ కలిసి, ఇంగ్లండ్‌లో హోవర్డ్ హెన్రీ టూత్ విడిగా దీన్ని వర్ణించారు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే రకంలో 17వ క్రోమోజోము మీది పీఎంపీ22 అనే జన్యువుకు అదనంగా ఇంకో ప్రతి చేరుతుంది. దాంతో కరెంటు తీగ మీది తొడుగు చెడినట్టు నరం మీది మైలిన్ పొర చెడి, మెదడు పంపే ఆజ్ఞ నెమ్మదిస్తుంది. కాలం గడిచేకొద్దీ నరం లోపలి పోగు కూడా దెబ్బతింటుంది. పొడవాటి నరాల మీద దెబ్బ ముందు పడుతుంది కాబట్టి జబ్బు పాదాల దగ్గర మొదలై, ఏళ్ళు గడిచాక చేతివేళ్ళకు వస్తుంది. పాదం వంపు ఎత్తుగా లేస్తుంది, కాలివేళ్ళు ముడుచుకుంటాయి, నడకలో పాదం ముందుభాగం వాలిపోయి గచ్చుకు తగులుతుంది. ఇక్కడ కండరం స్వతహాగా మంచిదే, దానికి ఆజ్ఞే సరిగా అందదు. అందుతున్న మేరకు ఆ కండరం సాధనతో బలపడుతుంది.

మస్క్యులర్ డిస్ట్రఫీల్లో సంగతి వేరు. వీటిలో అందరికీ తెలిసిన డుషెన్ రకం దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. లోపమున్న జన్యువు ఎక్కువగా తల్లి నుంచి వస్తుంది, తల్లిలో లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టిన సందర్భాలూ తక్కువేమీ కావు. కండర కణం లోపలి నిర్మాణాన్ని పైపొరతో బిగించి ఉంచే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ ఈ పిల్లల్లో తయారు కాదు. ఆ ప్రోటీన్‌ను 1987లో గుర్తించారు. అది లేని కణం ప్రతి కదలికకూ కాస్త చిరుగుతుంది. కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వచ్చినప్పుడు ఆ చిరుగు మరీ ఎక్కువ. మెట్లు దిగడం, గుంజీళ్ళు తీయడం, గోడ మీంచి దూకడం, గుట్ట దిగడం, ఇవన్నీ ఆ కోవలోవే. ఎక్కడం కష్టమనీ దిగడం సులువనీ అందరూ అనుకుంటారు. ఈ జబ్బులో ఎక్కడం ఆయాసం తెస్తుంది, గాయం చేసేది దిగడం.

బెకర్ రకంలో డిస్ట్రోఫిన్ కొంత ఉంటుంది, కాబట్టి జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. తొడ, భుజం మొదళ్ళను పట్టే లింబ్-గర్డిల్ రకాలు, ముఖాన్నీ భుజాన్నీ పట్టే ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ, పిడికిలి బిగిస్తే వెంటనే విడవని మయోటోనిక్ రకం, వెన్నుపాములోని కణాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ కూడా వంశపారంపర్య నరాల, కండరాల జబ్బుల్లోవే.

భయం ఎక్కడ పుట్టింది

చాలా ఏళ్ళపాటు ఈ రోగులకు డాక్టర్లు చెప్పిన సలహా ఒకటే: శ్రమ పడొద్దు. దానికి ఒక ఆధారం 1971లో అమెరికాలో జాన్సన్, బ్రాడమ్ ప్రచురించిన పరిశీలన. ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ ఉన్న ఒక కుటుంబంలో ఎక్కువగా వాడే కుడివైపే ఎక్కువ బలహీనపడిందని వారు రాశారు. అతిగా వాడితే కండరం కరిగిపోతుందన్న మాట అక్కడి నుంచి బలపడింది. సీఎంటీలోనూ 2003లో ఇటలీ వైద్యులు వాటంగా వాడే చెయ్యే బలహీనంగా ఉందన్నారు. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే ఆ తేడా కనిపించలేదు.

ఈలోగా విశ్రాంతి చేసే నష్టం బయటపడుతూ వచ్చింది. వాడకపోతే జబ్బు లేని కండర పోగులు కూడా సన్నబడతాయి. కీళ్ళు బిగుసుకుంటాయి, ఎముక పలచబడుతుంది, బరువు పెరుగుతుంది. బలహీనమైన తొడలకు పెరిగిన బరువును మోయడం ఇంకా కష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రంలో 1990లలో చేసిన ప్రయోగాల్లో నెమ్మదిగా ముదిరే జబ్బులున్నవారికి మధ్యస్థమైన బరువులు హాని చేయలేదు. పెద్ద బరువులు అంతకన్నా అదనంగా ఇచ్చిందేమీ లేకపోగా, కొందరిలో బలం తగ్గిన ఛాయలు కనిపించాయి. ఆస్ట్రేలియాలో జాషువా బర్న్స్ బృందం సీఎంటీ ఉన్న 60 మంది పిల్లల మీద అధ్యయనం చేసి 2017లో ప్రచురించింది. ఆరు నెలలపాటు పాదాన్ని పైకి లేపే కండరానికి కొద్దికొద్దిగా బరువు పెంచుతూ సాధన చేయించిన పిల్లల్లో రెండేళ్ళ తర్వాత ఆ కండరం క్షీణత నెమ్మదించింది, కండరానికి చేటు జరగలేదు. నెదర్లాండ్స్‌లోనే 2013లో డుషెన్ ఉన్న 30 మంది బాలురతో మోటారు సాయంతో తిరిగే సైకిలును 24 వారాలు తొక్కించారు. తొక్కినవారిలో కదలిక సామర్థ్యం నిలిచింది, తొక్కనివారిలో తగ్గింది.

ఇవన్నీ చిన్న అధ్యయనాలే. వీటిని పట్టుకుని వ్యాయామంతో జబ్బు నయమవుతుందని చెప్పేవారిని నమ్మకూడదు. మోతాదు మించకపోతే చాలామందికి వ్యాయామం కీడు చేయదు, ఉన్న సత్తువను ఎక్కువకాలం నిలుపుతుంది. వీటి నుంచి అంతవరకే తేలుతుంది, అది తక్కువ విషయం కూడా కాదు.

మొదలుపెట్టే ముందు

పేరు తెలియని జబ్బుకు వ్యాయామం నిర్ణయించడం కుదరదు. ఊళ్ళలో ఇలాంటి బలహీనతను 'నరాల వీక్‌నెస్' అనేసి, ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి బలం సూదులు వేయించడం మామూలే. ఆ సూదులు వంశపారంపర్య లోపాన్ని సరిచేయవు. వరంగల్ ప్రాంతం వారికి మొదటి మెట్టు ఎంజీఎం ఆసుపత్రి. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి అదే. నరాల్లో ఆజ్ఞ ఎంత వేగంగా పోతోందో కొలిచే ఎన్‌సీఎస్ పరీక్ష, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైము పరీక్ష కలిపి చూస్తే లోపం నరంలోదా కండరందా అన్నది చాలావరకు తేలుతుంది. డుషెన్ పిల్లల్లో సీకే మామూలు స్థాయికి పదుల రెట్లు ఉంటుంది. సీఎంటీలో మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. పరీక్షకు ముందు కొన్ని రోజులు బరువు పనులు మానాలి, లేకపోతే ఆరోగ్యవంతుల్లో కూడా సీకే పెరిగి కనిపిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కాలేయం నుంచే కాదు, కండరం నుంచి కూడా వస్తాయి. కండర జబ్బున్న పిల్లవాడికి ఆ రెండూ ఎక్కువున్నాయని లివర్ మందులు వాడుతూ ఏళ్ళు పోగొట్టుకోవడం జరుగుతుంటుంది. సీకే ఒక్కసారి చేయిస్తే ఆ సందేహం తీరుతుంది.

జన్యు పరీక్షకు హైదరాబాద్ వెళ్ళాలి. కాజీపేటలో రైలెక్కితే ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. 2021లో కేంద్రం ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి. మేనరికం ఉన్న ఇళ్ళలో, ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ లోపం అందితేనే వచ్చే లింబ్-గర్డిల్ వంటి రకాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, కుటుంబ వృక్షం రాసుకుని వెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఎవరు ఎవరికి మేనమామ, ఎవరికి ఏ వయసులో నడక తప్పింది అన్నవి ఇంట్లో పెద్దవాళ్ళే చెప్పగలరు.

వ్యాయామానికి ముందు గుండె పరీక్ష తప్పనిసరి. డుషెన్, బెకర్ రకాల్లో గుండె కండరం కూడా బలహీనపడుతుంది. మయోటోనిక్ రకంలోనూ, ఎమరీ-డ్రైఫస్ అనే అరుదైన రకంలోనూ గుండెలో కరెంటు పోయే దారి దెబ్బతిని, కాళ్ళు బాగున్న మనిషి కూడా ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఈసీజీ, ఎకో రెండూ చేయించి, ఎన్నాళ్ళకోసారి మళ్ళీ చేయించాలో డాక్టరుతో రాయించుకోవాలి. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ కూడా అవసరమే. పొద్దున లేవగానే తలనొప్పి, పడుకుంటే ఊపిరి అందకపోవడం, పగలంతా మత్తుగా ఉండటం ఉంటే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయని అర్థం. అలాంటి మనిషి ముందు ఊపిరితిత్తుల డాక్టరును కలవాలి, వ్యాయామం ఆ తర్వాత.

కలపడానికి ముందు తీసివేత

వ్యాయామం అనగానే కొత్తగా ఏం చేయాలన్న ప్రశ్నే వస్తుంది. ఈ జబ్బుల్లో మొదటి ప్రశ్న అది కాదు. మనిషి ఇప్పటికే రోజంతా ఎంత శ్రమ పడుతున్నాడో లెక్కించకుండా దాని మీద ఇంకో అరగంట పెట్టడం వల్లే చాలామంది దెబ్బతింటారు. ఫిజియోథెరపీ పుస్తకాలు ఎక్కువగా మంచాలు, కుర్చీలు ఉన్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వరంగల్ ఇంట్లో లెక్క వేరు.

పొద్దున లేస్తూనే గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి. నేల మీద కూర్చుని భోజనం. పై పోర్షన్‌లో అద్దెకుంటే రోజుకు నాలుగైదు సార్లు మెట్లు. నీళ్ళ క్యాను ఎత్తడం. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు మోకాలంత ఎత్తు. కాజీపేట స్టేషన్‌లో పాదచారుల వంతెన. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి ఏరేవారికి గంటల తరబడి నడుం వంచి, చేతులు ముందుకు చాపి చేసే పని. భుజం కండరాలు కరుగుతున్న మనిషికి ఒక పూట పత్తి ఏరడమంటే జిమ్‌లో ఎవరూ చేయించనంత మోతాదు. ఏనుమాముల మార్కెట్లో బస్తా మోసే హమాలీకి సీఎంటీ ఉంటే అతనికి కొత్తగా బరువులెత్తే వ్యాయామం చెప్పడం అర్థం లేని పని. అతనికి కావలసింది సాగదీత, కాలికి పట్టీ, వీలైతే పని మార్పు.

నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటూ పైకి ఎగబాకడాన్ని డాక్టర్లు గోవర్స్ గుర్తు అంటారు. 1879లో విలియం గోవర్స్ దాన్ని వర్ణించారు. అది జబ్బును పట్టిచ్చే గుర్తు మాత్రమే కాదు, ప్రతిసారీ శరీరం కట్టే సుంకం కూడా. రోజుకు ఇరవై సార్లు అలా లేస్తున్న మనిషికి వ్యాయామం అయిపోయినట్టే, అదీ తప్పు రకం వ్యాయామం. కమోడ్ కుర్చీ, ఎత్తయిన స్టూలు, గోడకు పైపు పట్టుకొమ్మ, మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించడానికి అయ్యే ఖర్చు కొద్ది వేలు దాటదు. కింద కూర్చుని తినడం మానడం ఇంట్లో పెద్దలకు నచ్చకపోవచ్చు. ఆ ఒక్క మార్పుతో మిగిలిన సత్తువ సాయంత్రం చెరువు కట్ట మీద పావుగంట నడవడానికి పనికొస్తుంది.

ఏం చేయాలి

అన్ని రకాల వారికీ పనికొచ్చేదీ, అందరూ ముందు మానేసేదీ సాగదీత. పిక్కలు, తొడ వెనక కండరాలు, తుంటి ముందుభాగం, ముంజేయి రోజూ సాగదీయాలి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అంటేలా అర నిమిషం ఉండాలి. ఇలా ఒక్కో కాలికి మూడు నాలుగు సార్లు చాలు. కుదపకూడదు, నొప్పి పుట్టేదాకా లాగకూడదు. నిలబడలేని పిల్లవాడికి తల్లో తండ్రో మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచాలి. పిక్క బిగుసుకుపోయి మడమ లేచిపోతే నడక తొందరగా తప్పుతుంది. రాత్రిళ్ళు వేసుకునే స్ప్లింటు ఆ బిగువును కొంత ఆపుతుంది. మాలిష్ హాయినిస్తుంది, తప్పులేదు, కానీ అది సాగదీతకు బదులు కాదు.

తర్వాత ఊపిరికీ గుండెకూ పనికొచ్చే నడక, సైకిలు, ఈత. నడకకు చదునైన చోటు కావాలి. భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, కాకతీయ విశ్వవిద్యాలయం ఆవరణ ఉదయపు నడకకు అలవాటైన చోట్లు. కూర్చోవడానికి అక్కడక్కడా చోటుందా, అలసిపోతే ఆటో దొరుకుతుందా అన్నవి దూరం కన్నా ముందు చూసుకోవాలి. మొదట రోజు విడిచి రోజు పది నిమిషాలు. రెండు వారాలు ఇబ్బంది లేకపోతే రెండు మూడు నిమిషాలు పెంచాలి, అరగంటకు మించి ఆశపడనక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. పాదం వాలే మనిషికి నడక కన్నా కదలని సైకిలు మేలు, పడిపోతామన్న భయం ఉండదు. పాదాన్ని పెడలుకు పట్టీతో కట్టుకుంటే జారదు.

నీళ్ళలో శరీరం బరువు తేలికవుతుంది కాబట్టి అన్నిటిలోకీ మంచిది ఈత. మెట్లూ పట్టుకొమ్మా ఉన్న ఈత కొలనులో, పక్కన మనిషి ఉండగా మాత్రమే దిగాలి. పల్లెల్లో పిల్లలు ఈత నేర్చుకునే వ్యవసాయ బావులు ఈ జబ్బున్న పిల్లవాడికి తగవు. తేలడం వచ్చినా గట్టు పట్టుకుని పైకి లాక్కునే బలం చేతుల్లో ఉండదు.

బలం పెంచే వ్యాయామం అందరికీ కాదు. సీఎంటీ, ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ, మయోటోనిక్, నెమ్మదిగా నడిచే లింబ్-గర్డిల్ రకాల్లో తేలికపాటి బరువులు, రబ్బరు బ్యాండు వాడవచ్చు. ఆపకుండా పదిహేను ఇరవై సార్లు ఎత్తగలిగిన బరువును మాత్రమే తీసుకుని, పది పన్నెండు సార్లకే ఆపేయాలి. చివరి ఎత్తుకు చెయ్యి వణికిందంటే బరువు ఎక్కువైనట్టే. ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు పని చెప్పకూడదు. గురుత్వానికి ఎదురుగా కదలని కండరానికి, అంటే పాదాన్ని కాస్తయినా పైకి ఎత్తలేని మనిషి పాదానికి, బరువు కట్టడం వృథా. దానికి సాగదీతా, చీలమండకు ఆసరా ఇచ్చే ఏఎఫ్‌వో పట్టీయే సరైనవి. డుషెన్ పిల్లలకు బరువులు అసలే వద్దు. వారికి సాగదీత, సైకిలు, నీళ్ళలో ఆట చాలు.

యోగా గురించి చాలామంది అడుగుతారు. ప్రాణాయామం, కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు మంచివే. సూర్య నమస్కారాల్లో మాత్రం చేతుల మీద శరీరాన్ని మెల్లగా కిందికి దించే భాగం ఉంటుంది. పైన చెప్పిన 'దిగడం' కష్టమంతా అందులోనే ఉంది, కాబట్టి అది వదిలేయాలి. బలహీనమైన మనిషిని జిమ్ ట్రైనరు "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని ఉత్సాహపరచడం కూడా అలాంటి ప్రమాదమే.

నిలకడ సాధన సీఎంటీ వారికి ప్రత్యేకంగా అవసరం. పాదంలో స్పర్శ తగ్గడంతో కళ్ళు మూసుకుంటే శరీరం తూలుతుంది. గది మూలలో, రెండు వైపులా గోడ అందేలా నిలబడి, ముందు పాదాలు దగ్గరగా, తర్వాత ఒకదాని ముందు ఒకటి పెట్టి అర నిమిషం నిలబడటం సాధన చేయవచ్చు. కరెంటు పోయిన రాత్రి బాత్రూముకు వెళ్తూ పడిపోయేవారు ఎక్కువ కాబట్టి దిండు పక్కన టార్చి ఉండాలి.

మరునాటి లెక్క

మోతాదు సరిపోయిందో లేదో వ్యాయామం చేస్తున్నప్పుడు తెలియదు. ఆ క్షణంలో ఉత్సాహం ఉంటుంది. మరునాడు ఉదయం అసలు సంగతి చెబుతుంది. సాయంత్రం నడిచిన మనిషి మరునాడు ఎప్పటిలా మంచం దిగి, ఎప్పటిలా గ్లాసు ఎత్తగలిగితే మోతాదు సరైనదే. కాళ్ళు బరువెక్కి, మామూలుగా చేసే పని కూడా కష్టమైతే ఎక్కువైంది. నొప్పి రెండు రోజులకు మించి ఉన్నా, బలం తగ్గి ఒకటి రెండు రోజుల్లో తిరిగి రాకపోయినా సగానికి తగ్గించాలి. గోడ మీది క్యాలెండరులో ఎన్ని నిమిషాలు చేశారో, మరునాడు ఎలా ఉందో ఒక ముక్క రాసుకుంటే నెల తిరిగేసరికి హద్దు ఎక్కడుందో దానంతట అదే కనిపిస్తుంది.

ఒక గుర్తు విషయంలో మాత్రం మరునాటిదాకా ఆగకూడదు. శ్రమ తర్వాత మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే కండరం విరిగి, దాని పదార్థం మూత్రపిండాల్లోకి చేరుతోందని అర్థం. నీళ్ళు తాగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్ళు తిరిగి పడిపోవడం కూడా అదే కోవలోవి.

ఎండ, పాదాలు, పండుగలు

వరంగల్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ రెండు నెలలు నడక తెల్లవారుజామున ఆరున్నరలోపే ముగించాలి, లేదా ఇంట్లో ఫ్యాను కింద సైకిలుకు మారాలి. డిసెంబరు, జనవరి ఉదయాలు ఇంకో రకం ఇబ్బంది. చలికి సీఎంటీ వారి వేళ్ళు మొద్దుబారతాయి, మయోటోనిక్ వారి కండరాలు ఇంకా బిగుస్తాయి. గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచి, వంటిని వెచ్చబరిచాకే మొదలుపెట్టాలి.

స్పర్శ తగ్గిన పాదానికి చెప్పు లేకుండా అడుగు పడకూడదు. గుడి దగ్గర ఇది చిక్కు తెస్తుంది. మధ్యాహ్నం వేయి స్తంభాల గుడి రాతి పరుపు మీద వట్టి కాళ్ళతో తిరిగితే స్పర్శ ఉన్నవారు గబగబా నీడలోకి వెళ్తారు. స్పర్శ లేనివారికి సాయంత్రం బొబ్బలు కనిపించేదాకా తెలియదు. దర్శనం పొద్దున్నే చేసుకోవడం, మందమైన మేజోళ్ళు వేసుకోవడం, ఇంటికి రాగానే అరికాళ్ళను అద్దంలో చూసుకోవడం మేలు. సుగరు రోగులకు ఇచ్చే ఎంసీఆర్ చెప్పులు వీరికీ పనికొస్తాయి, వెనక పట్టీ ఉన్నవి తీసుకోవాలి. వేళ్ళ మధ్య పట్టు ఒక్కదానితో నిలిచే హవాయి చెప్పు పాదం వాలే మనిషిని కచ్చితంగా పడేస్తుంది.

మేడారం జాతరకు వెళ్ళేవారు వాహనం ఆగే చోటు నుంచి గద్దెల దాకా ఎంత నడక ఉంటుందో ముందే తెలుసుకుని, చక్రాల కుర్చీ వెంట తీసుకెళ్ళడానికి మొహమాటపడకూడదు. పద్మాక్షి గుట్ట లాంటి చోట మెట్లెక్కడం ఎలాగోలా అయిపోతుంది, దిగేటప్పుడు పక్కన మనిషీ, చేతిలో కర్రా ఉండాలి. బతుకమ్మ ఆట సంగతి వేరు. నెమ్మదిగా వలయంలో తిరుగుతూ చప్పట్లు కొట్టడం నిజానికి చక్కని వ్యాయామం. చప్పట్లు కొట్టిన ప్రతిసారీ వంగి లేవడం మాని నిటారుగా తిరిగితే, అలసిన చోట పక్కకు వచ్చి కుర్చీలో కూర్చుని చప్పట్లు కలిపితే తొమ్మిది రోజులూ ఆడవచ్చు.

బడిలో

డుషెన్ ఉన్న పిల్లవాడు మూడు నుంచి ఐదేళ్ళ మధ్య పడిపోతూ, పరుగులో వెనకబడుతూ కనిపిస్తాడు. పిక్కలు లావుగా ఉంటాయి కాబట్టి బలంగా ఉన్నాడనీ, బద్ధకం వల్లే పరిగెత్తడం లేదనీ పీటీ సారు పొరబడే అవకాశం ఉంది. అలాంటి పిల్లవాడికి శిక్షగా గుంజీళ్ళు తీయిస్తే నేరుగా కండరాన్ని చింపినట్టే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో శారీరక శిక్షను ఎవరికైనా నిషేధించింది. జబ్బు తేలాక తల్లిదండ్రులు డాక్టరు రాసిచ్చిన చీటీ బడికి ఇవ్వాలి. తరగతి గది కింది అంతస్తులో ఉండాలి, ప్రార్థనలో కూర్చోనివ్వాలి, పరుగు పందేల నుంచి మినహాయించాలి. ఆట నుంచి మాత్రం పూర్తిగా బయటపెట్టకూడదు. స్కోరు రాయడం, క్యారమ్స్, కూర్చుని బంతి విసరడం వాడికి మిగిలే ఆటలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మస్క్యులర్ డిస్ట్రఫీని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది కాబట్టి ధ్రువపత్రం తీసుకుంటే ఈ మాటలకు బలం వస్తుంది. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఫిజియోథెరపీ అందుతుంది. నెలకోసారి ఆసుపత్రికి తిరగడం కన్నా ఇంటికి దగ్గరలో ఈ సాయం నిలకడగా దొరకడం మేలు.

డుషెన్‌కు స్టెరాయిడ్ మాత్రలు వాడే పిల్లల ఎముకలు పలచబడతాయి. మామూలుగా పడినా ఎముక విరగవచ్చు. కాలు విరిగి కొన్ని వారాలు మంచం మీద ఉంటే తిరిగి నడవలేకపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఎముకల డాక్టరుతో జబ్బు పేరు చెప్పి, వీలైనంత త్వరగా నిలబెట్టమని అడగాలి.

పై లెక్కకు లొంగని జబ్బులు

మెకార్డిల్ వ్యాధిలో కండరం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ను వాడుకోలేదు. 1951లో బ్రయాన్ మెకార్డిల్ దీన్ని వర్ణించారు. వీరికి మొదటి పది నిమిషాలే నరకం. ఆ సమయంలో చాలా నెమ్మదిగా నడిచి, నొప్పి వస్తే ఆగి, మళ్ళీ సాగితే రక్తంలోంచి వేరే ఇంధనం అందడం మొదలై కాళ్ళు తేలికవుతాయి. ఉన్నట్టుండి పరుగెత్తడం, బరువు బిగబట్టి ఎత్తడం మూత్రం రంగు మారేదాకా తెస్తుంది. పొటాషియం తగ్గి కాళ్ళుచేతులు పడిపోయే పీరియాడిక్ పెరాలిసిస్‌లో ప్రమాదం వ్యాయామం చేస్తున్నప్పుడు కాదు, చేసి పడుకున్నాక వస్తుంది. ఎక్కువ శ్రమపడిన రోజు రాత్రి పెళ్ళి విందులో కడుపునిండా అన్నం, స్వీట్లు తిని పడుకుంటే తెల్లవారి లేవలేకపోవచ్చు. వీరు శ్రమను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మయోటోనియా ఉన్నవారికి మొదటి కొన్ని కదలికలు బిగుసుకుని, తర్వాత సాఫీగా వస్తాయి కాబట్టి తొందరపడకుండా వార్మప్ చేయాలి.

కూర్చున్నాక

నడక తప్పాక వ్యాయామం అయిపోయిందని వదిలేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. అప్పటి నుంచి దాని పని మారుతుంది. వెన్ను ఒరిగిపోకుండా నిటారుగా కూర్చోబెట్టే కుర్చీ, మోచేయీ మణికట్టూ బిగుసుకోకుండా రోజూ సాగదీత, చేతులతో తిప్పే పెడలు, నిలబెట్టే స్టాండింగ్ ఫ్రేము ఎముకనూ కీలునూ కాపాడతాయి. ఊపిరి కోసం, డాక్టరు నేర్పిన తర్వాత, చేత్తో నొక్కితే గాలి పంపే యాంబూ బ్యాగుతో ఒకదాని మీద ఒకటిగా గాలి నింపుకుని వదిలే సాధన చేస్తే దగ్గు బలపడి కఫం బయటికి వస్తుంది. జలుబు చేసిన రోజుల్లో దీన్ని పెంచాలి, మిగతా వ్యాయామం మానాలి.

ఎత్తి దించే పనిలో ఇంటివారి నడుము కూడా లెక్కలోకి రావాలి. భుజం కండరాలు కరిగిన మనిషిని చంకల కింద చేతులు వేసి లేపకూడదు, కీలు జారుతుంది. ఒకరు వెనక నుంచి ఛాతీ చుట్టూ, ఇంకొకరు మోకాళ్ళ కింద పట్టుకోవాలి. ఒక్కరే ఉన్న ఇంట్లో మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉంచి, మధ్య నున్నటి పలక వేసి పక్కకు జరపాలి.